ఇక చాలు అని ఎవరనాలి?

దూరదర్శన్ రోజుల్లో శుక్రవారం చిత్రలహరి అయిపోయాక "ఇంక టీవీ కట్టెయ్యండర్రా" అని ఎవరూ గొంతు చించుకోవాల్సి వచ్చేది కాదు. పాటలు అయిపోయేవి. తర్వాత వచ్చేది ఎవరికీ అక్కర్లేదు. పక్కింటి నుంచి వచ్చి కూర్చున్న జనం లేచి ఎవరిళ్లకి వాళ్లు పోయేవాళ్లు. 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 దాకా ఆదివారం పొద్దున్న రామాయణం వస్తున్నంతసేపూ వీధులు ఖాళీగా ఉండేవని అందరూ చెప్పుకుంటారు. నన్నడిగితే అంతకన్నా చెప్పుకోదగ్గ సంగతి, అది అయిపోగానే అవే వీధులు మళ్లీ నిండడం. కథ ఎంత రసపట్టులో ఆగినా వచ్చే ఆదివారం దాకా ఓపిక పట్టాల్సిందే.

అప్పటివాళ్లు మనకంటే నిగ్రహం గలవాళ్లని మాత్రం నేననుకోను. రోజంతా రామాయణం వేసి ఉంటే రోజంతా చూసేవాళ్లే. యాంటెన్నా తిప్పడానికి డాబా ఎక్కి "వచ్చిందా? ఇప్పుడో?" అని కిందికి కేకలు వేసిన జనం వాళ్లు, పిచ్చిలో మనకేమీ తీసిపోరు. కాకపోతే ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్న ఆలోచన వాళ్ల నెత్తిన లేదు. ఢిల్లీలో మండీ హౌస్‌లో కూర్చున్న ఎవరో దూరదర్శన్ అధికారి వాళ్ల తరఫున ఆ పని చేసిపెట్టేవాడు. ఇప్పుడా ఉద్యోగం ఖాళీగా ఉంది. ఇంట్లో ఎవరూ అందులో చేరలేదు. ఈ అధ్యాయమంతా ఆ ఖాళీని ఎలా నింపుకోవాలన్న దాని గురించే.

ముగింపు మన ఇళ్లలోంచి ఒక్కసారిగా పోలేదు. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. ఛానెళ్లతోపాటు రోజువారీ సీరియళ్లు, వాటితోపాటు రిమోట్ గొడవలు పెరిగాయి. ఆ గొడవల్ని ఇప్పుడు నవ్వుకుంటూ తలుచుకుంటాం గానీ, "నా సీరియల్ అయ్యాక నీ మ్యాచ్ పెట్టుకో" అన్న మాటలో ఒక బేరం ఉంది. అమ్మకి ఏ సీరియల్ ఇష్టమో కొడుక్కి తెలుసు, కొడుక్కి ఏ బ్యాట్స్‌మన్ అంటే ప్రాణమో అమ్మకి తెలుసు. తెలియకపోతే బేరం కుదరదు మరి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చౌకై తలకో తెర అయ్యింది. గొడవలు పోయాయి. ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించాం. ఆ ప్రశాంతతలోనే ఒకళ్ల ఇష్టాలు ఒకళ్లకి తెలియకుండా పోయాయి.

అవతలివైపు కంపెనీలు వేరే పనిలో ఉన్నాయి. అజా రాస్కిన్ అనే డిజైనర్ 2006లో ఒక పద్ధతి తయారుచేశాడు: పేజీ అడుక్కి వచ్చేసరికి "తర్వాత" అని నొక్కక్కర్లేకుండా, కొత్త సరుకు దానంతటదే కిందికి వచ్చి చేరుతుంది. నొక్కాల్సి వచ్చినప్పుడు ఆ అరక్షణంలో మనిషికి "ఇంకా చూడాలా?" అన్న ఆలోచన వచ్చేది. ఆ అరక్షణం పోయింది. తర్వాతి రోజుల్లో రాస్కినే దీని గురించి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. 2017లో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ తమకి అసలు పోటీ నిద్రతోనే అన్నాడు. ఆయన చమత్కారానికే అన్నా, రాత్రి ఒంటిగంటకి తర్వాతి ఎపిసోడ్ తనంతట తనే మొదలైపోతుంటే చూస్తూ ఉండిపోయినవాళ్లకి అందులో చమత్కారం కనపడదు. మనదేశంలో 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు. జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చి కూర్చుంది. నిషేధం యాప్‌కి పడింది, వేలికి పడలేదు.

వేలు ఎందుకు ఆగదన్నది మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన పరీక్షల్లో చాలాకాలం కిందటే తేలింది. పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం కడుపు నిండగానే ఆగుతుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా పడితే పొడుస్తూనే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే వేయించిన పల్లీల వ్యవహారం. నాలుగు బాగుంటాయి, ఐదోది చేదు తగులుతుంది. చేదు పల్లీ నోట్లో ఉండగా ఎవరైనా లేచి వెళ్తారా? ఆ రుచి పోవడానికి ఇంకోటి వేసుకుంటారు. మంచి రీల్ వస్తే ఇంకోటి కావాలి, చెత్త రీల్ వస్తే దాన్ని కడుక్కోవడానికి ఇంకోటి కావాలి. రెండువైపులా తోవ ముందుకే. కాబట్టి మీ అబ్బాయికో, మీకో బుద్ధి లేదని తిట్టుకోకండి. తిట్టుకున్నవాళ్లు ఆ బాధ మర్చిపోవడానికి మళ్లీ ఫోనే తీస్తారు.

ముందు చూడండి, మార్చకండి

మొదటి వారం ఏమీ మానొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్లలో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్లలో స్క్రీన్ టైమ్ అని ఉంటాయి. చాలామంది అందులో గంటలు మాత్రమే చూసి గుండె బాదుకుంటారు. గంటల లెక్క అంత పనికొచ్చేది కాదు. వంట చేస్తూ ఫోన్లో పాటలు పెట్టుకున్న గంటా, మంచం మీద ఒత్తిగిలి రీల్స్ చూసిన గంటా అక్కడ ఒకే గంట. రోజుకి ఎన్నిసార్లు ఫోన్ తెరిచారు, రాత్రి చివరిసారి ఎన్నింటికి కింద పెట్టారు అన్నవి చూడండి.

ఇంకో ప్రశ్న కాగితం మీదే తేలుతుంది. నిన్న రాత్రి చూసినవాటిలో ఎన్ని గుర్తున్నాయి? సినిమా చూస్తే కథ గుర్తుంటుంది. క్రికెట్ చూస్తే ఎవరు గెలిచారో గుర్తుంటుంది. ముప్పావుగంట రీల్స్ చూస్తే రెండు కుక్కపిల్లలు, ఒక బిర్యానీ, ఎవరో ఎవరినో తిట్టడం, అంతే. మీరు ఎంచుకుని చూసింది ఒక గడిలో, చూస్తూ ఉండిపోయింది ఇంకో గడిలో రాయండి. మొదటి గడి ఎంత పెద్దదైనా నాకు అభ్యంతరం లేదు. ఆదివారం మూడు సినిమాలు ఎంచుకుని మరీ చూశానంటే మీ ఓపికకి దండం. రెండో గడి మాత్రమే మన పని.

ఒక షరతు. మీ లెక్క మీరే చూసుకోండి, భార్య ఫోన్లో లెక్క తీసి పిల్లల ముందు చదవకండి. మా బంధువుల ఇంట్లో ఒకాయన ఈ పని చేసి, తన లెక్క అంతకు రెట్టింపు ఉందని కూతురు అందరి ముందూ చదివి వినిపించాక, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ముగింపుని ముందే పెట్టుకోవడం

"ఈ ఒక్క ఎపిసోడ్ చూసి పడుకుంటా" అన్నవాళ్లలో ఎంతమంది పడుకుంటారో మీకు తెలుసు. ఆ మాట నిలబడకపోవడానికి కారణం ఎపిసోడ్ రాసినవాడు. తలుపు తెరుచుకుంటుంది, హీరోయిన్ కళ్లు పెద్దవవుతాయి, పేర్లు పడతాయి. సరిగ్గా ఆగలేని చోట ఆపడం అతని వృత్తి. అందుకని ఎపిసోడ్ చివర ఆపే ప్రయత్నమే చెయ్యకండి. మధ్యలో ఆపండి. కిందటి ఎపిసోడ్‌లో తలుపు వెనక ఎవరున్నారో కొత్త ఎపిసోడ్ మొదటి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. అక్కడ కథ కాస్త చల్లబడుతుంది, రచయిత కొత్త ముడి వేయడానికి దారాలు సర్దుకుంటుంటాడు. ఆపాల్సింది అక్కడ. వినడానికి చాదస్తంగా ఉంటుంది గానీ రెండు రాత్రులు చేసి చూస్తే ఎంత తేలికో తెలుస్తుంది.

తర్వాతి ఎపిసోడ్ తనంతట తను మొదలయ్యే సదుపాయాన్ని తీసేయొచ్చు. నెట్‌ఫ్లిక్స్‌లో ప్రతి ప్రొఫైల్‌కీ విడివిడిగా తీయాలి. మీది తీసి పిల్లలది మర్చిపోతే ప్రయోజనం సగమే. యూట్యూబ్‌లో వీడియో మీదే ఒక చిన్న మీట కనిపిస్తుంది. రీల్స్‌కి అలాంటి మీట లేదు. రోజుకింతే అని హెచ్చరిక పెట్టుకోవచ్చు గానీ, వచ్చిన హెచ్చరికని పక్కకి నెట్టడానికి ఒక్క వేలు చాలు. ఆ వేలు అప్పటికే మంచి సాధనలో ఉంటుంది.

అందుకే రీల్స్ దగ్గర సెట్టింగులని నమ్ముకోవద్దంటాను. ఛార్జరుని నమ్ముకోండి. ఛార్జరు ఎక్కడ పడుకుంటే ఫోను అక్కడ పడుకుంటుంది. మంచం పక్కనున్న ఛార్జరు పీకి హాల్లో, అందరి ఛార్జర్లూ ఒకేచోట పెట్టండి. పదింటికో, పదిన్నరకో, ఇంట్లో అందరూ ఒప్పుకున్న వేళకి ఫోన్లు అక్కడికి చేరాలి. దీనికి మూడు అభ్యంతరాలు వస్తాయి, ప్రతి ఇంట్లోనూ అవే మూడు. పొద్దున్న అలారం ఎలా అంటారు. రెండొందలు, మూడొందలు పెడితే అలారం గడియారం వస్తుంది, అది రీల్స్ చూపించదు. రాత్రి ఎవరైనా అర్జంటుగా ఫోన్ చేస్తే అంటారు. హాల్లో రింగు గట్టిగా పెట్టుకుంటే ల్యాండ్‌లైన్ రోజుల్లో లేచినట్టే లేస్తాం. అప్పట్లో ఫోన్ హాల్లోనే ఉండేది, చావు కబుర్లూ పెళ్లి కబుర్లూ అన్నీ అందాయి.

మూడోది కాస్త ఆలోచించాల్సింది. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు "మాకు మా వాడి ఫోనే దిక్కు" అంటారు. నిజమే. డాలస్‌లో రాత్రి తొమ్మిదైతే వేసవిలో మనకి పొద్దున్న ఏడున్నర. వాళ్ల పొద్దుటి పూట మనకి సాయంత్రం. మనవరాలు స్కూలు బస్సు ఎక్కేముందు రెండు నిమిషాలు కనిపించే ఆ వీడియో కాల్ ఉన్న ఇంట్లో ఫోన్‌ని శత్రువులా చూడమని చెప్పడం నా వల్ల కాదు. ఆ ఇంట్లో అమ్మకి నేను చెప్పేది ఒకటే. కాల్ అయ్యాక ఫోన్ చేతిలోనే ఉంటుంది, మనసు కాస్త బరువుగా ఉంటుంది, అప్పుడు తెరిచే వాట్సాప్ గ్రూపులు, యూట్యూబ్ జ్యోతిషాలు గంటన్నర మింగేస్తాయి. కాల్ కాగానే ఆయన్ని లేపుకుని డాబా మీదికో, గేటు దాకానో ఒక చుట్టు నడవండి. మనవరాలు ఏమందో ఇద్దరూ మళ్లీ ఒకసారి చెప్పుకోవచ్చు.

ఇంట్లో ఎవరితో మొదలుపెట్టాలి

పిల్లలతో కాదు. ఇది చాలా ఇళ్లలో తలకిందులుగా జరుగుతుంది. పదో తరగతి పిల్లాడి ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి, ఆ బీరువా ముందే కుర్చీ వేసుకుని తండ్రి యూట్యూబ్‌లో రాజకీయ విశ్లేషణలు చూస్తుంటాడు. నాన్న చూస్తే లోకజ్ఞానం, కొడుకు చూస్తే కాలక్షేపం. ఆ విశ్లేషణల్లో నలుగురు ఒకేసారి అరుచుకోవడం తప్ప వేరే జ్ఞానం నాకు దొరకలేదు గానీ, అది వేరే సంగతి. సంపాదించే మనిషి ముందు ఫోన్ పెడితే తప్ప ఇంట్లో ఈ నియమం నిలబడదు. నెల రోజులు పెద్దవాళ్లే పాటించండి, పిల్లల మాటెత్తకండి. వాళ్లు గమనించరనుకుంటే పొరపాటు. మీరెప్పుడు తప్పుతారా అని కాపు కాస్తుంటారు.

అత్తగారి సీరియల్ జోలికి అసలే పోకండి. ఈ మాట అంటే చదువుకున్న కోడళ్లూ, కొడుకులూ నా మీద విరుచుకుపడతారని తెలుసు. అయినా చెబుతాను. నా లెక్కలో ఈ రోజు మన ఇళ్లలో ఉన్న వినోదాల్లో అన్నింటికంటే ఆరోగ్యకరమైనది, అందరూ వెక్కిరించే ఆ టీవీ సీరియలే. కథ గురించి మాట్లాడటం లేదు, కథని నేను వెనకేసుకురాలేను. దానికో వేళ ఉంది. అరగంటలో అయిపోతుంది. మర్నాడు పొద్దున్న పాలవాడి దగ్గరో, గుడి దగ్గరో నలుగురు దాన్ని మాట్లాడుకుంటారు. 2017 నుంచి 2023 దాకా కార్తీక దీపం నడిచినంత కాలం అందులోని వంటలక్క కష్టాలు రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యకీ, మూడో అంతస్తులో బ్యాంకు మేనేజరు తల్లికీ మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరికింది. మీరు నిన్న రాత్రి చూసిన రీల్ గురించి పొద్దున్న ఎవరితో మాట్లాడగలరు? మీరు చూసింది మీకొక్కరికే వచ్చింది. పక్క దిండు మీద ఉన్న మనిషికి వేరేది వచ్చింది.

చంటిపిల్లల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో నా అభిప్రాయాలకి చోటు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: ఏడాదిలోపు పిల్లలకి తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దు, ఎంత తగ్గితే అంత మంచిది. అయితే ఈ మాట పట్టుకుని, ఉద్యోగాల నుంచి రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చిన దంపతులు, పొద్దుటినుంచీ మనవడిని మోసిన అమ్మమ్మ మీద పడితే నేనొప్పుకోను. మోకాళ్ల నొప్పులతో ఆవిడ వాడి వెనక ముద్ద పట్టుకుని పరిగెత్తలేదు. ఫోన్ తీసేయాలంటే ఆ ముద్ద పెట్టే పని ఇంకెవరైనా చెయ్యాలి. శని, ఆదివారాల్లో తండ్రి తినిపించడంతో మొదలుపెడితే, గంటసేపు గిన్నె పట్టుకుని తిరిగాక ఆయనకి చాలా విషయాలు అర్థమవుతాయి.

వారానికొక్కటి కలిసి

తీసేయడం గురించే మాట్లాడుతున్నాను, కలపాల్సింది కూడా ఒకటుంది. వారంలో ఒక రాత్రి ఒకే తెర ముందు అందరూ. వంతులవారీగా ఒక్కొక్కరూ ఎంచుకోవాలి. ఏం చూడాలో గురువారంలోపే చెప్పెయ్యాలి. అప్పటికప్పుడు కూర్చుని వెతికితే, పోస్టర్లు చూసుకుంటూ, "ఇది బోరట", "అది ఏడుపు సినిమా" అనుకుంటూ సగం ఉత్సాహం అక్కడే చస్తుంది. ఎంచుకున్నవాళ్ల మాటకి తిరుగులేదు. నచ్చనివాళ్లు లేచి పోవచ్చు, ఫోన్ తీసి పక్కన కూర్చోవడానికి మాత్రం వీల్లేదు. ఆ రెండింటిలో లేచి పోవడమే మర్యాద.

నాన్నమ్మ వంతు వస్తే మాయాబజార్ అంటుందనుకోండి. 1957 నాటి సినిమా, మూడు గంటలకి పైనే. పన్నెండేళ్ల పిల్లాడు మొదటి అరగంట నసుగుతాడు. మధ్యలో మీరే విశ్రాంతి ఇవ్వండి, థియేటర్లో ఇచ్చినట్టు మరమరాలో, మిరపకాయ బజ్జీలో పెట్టండి. ఘటోత్కచుడు వచ్చేదాకా లాక్కొస్తే మిగతాది ఎస్వీ రంగారావు చూసుకుంటారు. అమ్మాయి వంతు వస్తే కొరియన్ సీరియలో, జపాన్ కార్టూనో పెడుతుంది. అప్పుడు మీ పరీక్ష. "ఇదేం సినిమానే, కళ్లు అంత పెద్దవేంటి" అన్నారా, మళ్లీ తన వంతు వచ్చినప్పుడు మీకోసం ఏదో మర్యాదైన సినిమా పెట్టి, తనకి నిజంగా నచ్చింది ఒంటరిగా చూసుకుంటుంది. మీరు ఏం కోల్పోయారో మీకు తెలియను కూడా తెలియదు. నోరు మూసుకుని చూసి, అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి. "ఆ తమ్ముడు అలా ఎందుకు చేశాడే?" చాలు. అమ్మాయి పావుగంట చెబుతుంది. తమ్ముడి గురించే కాదు, తన స్నేహితురాళ్ల గురించి కూడా, మీరు అడిగి ఉంటే చెప్పనివన్నీ.

మిగిలిన రాత్రులు? ఫోన్లు హాల్లో పెట్టిన మొదటి మూడు నాలుగు రాత్రులు ఇల్లు చాలా ఇబ్బందిగా ఉంటుంది. ఎవరికీ ఏం మాట్లాడాలో తోచదు. ఎవరో ఒకరు ఫ్రిజ్ తెరిచి మూస్తుంటారు. దానికి కంగారుపడి "రండి, అందరం కూర్చుని మనసు విప్పి మాట్లాడుకుందాం" అని సభ పెట్టకండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడమంటే ఏ పిల్లాడూ మాట్లాడడు, ఏ మొగుడూ మాట్లాడడు. చేతులకి పని ఇవ్వండి. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, చింతపండులో గింజలు ఏరడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం. చూపు పని మీద ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. కాలేజీలో ఏదో సబ్జెక్టు పోయిందన్న కబురు ఎదురుగా కూర్చోబెట్టి నిలదీస్తే రాదు, దుప్పటి చెరోకొస పట్టుకుని మడతపెడుతుంటే వస్తుంది.

ఎన్నాళ్లు పడుతుంది

ఇరవయ్యొక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందని మీరు విని ఉంటారు. ఆ లెక్క మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి బయల్దేరింది. ఆపరేషన్ అయ్యాక కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. అందులో "కనీసం" రాలిపోయింది, ముఖం రాలిపోయింది, 21 మిగిలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన లెక్క ఇంకోలా ఉంది. భోంచేసేటప్పుడు నీళ్లు తాగడం లాంటి చిన్న పనులే వాళ్లు అలవాటు చేసుకోబోయినవి. అప్రయత్నంగా చేసే స్థాయికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు. త్వరగా వచ్చినవాళ్లకి 18, ఆలస్యమయ్యేవాళ్లకి 254 దాకా అని అంచనా. ఆ పరిశోధనలో నాకు అన్నిటికన్నా నచ్చింది, మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా నష్టం లేదని తేలడం.

అంకెల్ని పక్కనపెట్టి, మనకి బాగా తెలిసిన 41 రోజుల సంగతి చూద్దాం. అయ్యప్ప దీక్ష. ఏడాదంతా ఎనిమిదింటికి ముందు లేవని మనిషి తెల్లవారుజామున లేచి చన్నీళ్ల స్నానం చేస్తాడు. నేల మీద పడుకుంటాడు. చెప్పులు లేకుండా తిరుగుతాడు. రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చేవాడు ఒక్కటీ ముట్టడు, మందు వాసన కూడా చూడడు. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు వంద చదివినా రాని మార్పు ఒక్క పూటలో వస్తుంది. భక్తి ఉందనుకోండి, కాదనను. కానీ దీక్ష చుట్టూ ఉన్న ఏర్పాటు చూడండి. బట్టల రంగు మారింది, కాబట్టి వైన్ షాపు ముందు నిలబడటానికి మొహం చెల్లదు. పిలుపు మారింది. ఆఫీసులో బాసు దగ్గర్నుంచి ఆటో డ్రైవరు దాకా "స్వామీ" అంటున్నారు. పడక మారింది, తిండి వేళ మారింది, సాయంత్రాలు కూర్చునే మనుషులు మారారు. నిగ్రహం అతని గుండెలో కన్నా అతని చుట్టూ ఎక్కువ ఉంది.

మాల తీసిన సాయంత్రం ఏమవుతుందో కూడా మనకి తెలుసు. అందరూ అలా చెయ్యరు గానీ, చాలామంది చేస్తారు. 41 రోజుల సాధన ఒక్క సాయంత్రంలో ఎలా కొట్టుకుపోయిందని భార్యలు ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యం అక్కర్లేదు. బట్టలు, పిలుపు, పడక, సాయంత్రపు స్నేహాలు అన్నీ ఒకేసారి పాతవి తిరిగొచ్చాయి, వాటివెంట సిగరెట్టూ వచ్చింది. సెలవుల్లో పదిరోజులు ఫోన్ మానేసి, ఊరి నుంచి రాగానే రెట్టింపు చూసేవాళ్లదీ ఇదే కథ. అందుకే కొన్ని రోజులపాటు మొత్తంగా మానేయమని నేనెవరికీ చెప్పను. ఛార్జరు హాల్లోకి మారడం చిన్న మార్పే. కానీ దానికి గడువు లేదు, అది మళ్లీ పడకగదిలోకి రాదు.

చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకేసారి చేస్తే ఎంత తేలికవుతుందో మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊరు చూపించింది. 2022 ఆగస్టు 15 నుంచి అక్కడ రోజూ సాయంత్రం ఏడింటికి సైరన్ మోగుతుంది. టీవీలు, ఫోన్లు ఆపేస్తారు. ఎనిమిదిన్నరకి మళ్లీ సైరన్. ఆ గంటన్నరా పిల్లల చదువులకి, ఇంటి మాటలకి. ఆస్ట్రేలియాలో అయితే 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు వాళ్లకి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టమే వచ్చింది. అలాంటిది మనకీ రావాలా వద్దా అని టీవీల్లో వాదించుకుంటున్నారు. చట్టం వచ్చేదాకా ఆగే ఓపిక ఉంటే ఆగండి. నాకు సైరన్ నచ్చింది, ఎందుకంటే అది నాన్నకీ మోగుతుంది. మీ అపార్ట్‌మెంట్లో ఒకే తరగతి పిల్లలున్న నాలుగు కుటుంబాలు ఒక వేళ అనుకుంటే "వాళ్లింట్లో చూడనిస్తారు" అన్న మాట పోతుంది. పిల్లల చేతిలో ఉన్న అతి పెద్ద ఆయుధం అదే.

ఇంక మినహాయింపులు. సంక్రాంతికి అక్కాబావలు, పిల్లలు దిగినప్పుడు ఏ నియమమూ ఉండదు, ఉండకూడదు. తెల్లవార్లూ పేకాట ఆడుకునే ఇంట్లో పదింటికి ఫోన్లు పెట్టమనడం పాపం. పండగ మూడు రోజులే, నాలుగో రోజు ఛార్జర్లు ఎక్కడున్నాయో చూసుకుంటే చాలు.

ఐపీఎల్ మాత్రం మూడు రోజుల ముచ్చట కాదు, రెండు నెలలు. ఏడున్నరకి మొదలైన ఆట ముగిసేసరికి పదకొండు దాటుతుంది. రోజూ చూస్తే ఇంట్లో వేళలన్నీ తారుమారవుతాయి, అసలు వద్దంటే ఇంట్లో యుద్ధం. దీనికి మధ్యేమార్గం ఉంది. షెడ్యూలు రాగానే గోడ మీది వెంకట్రామా కాలెండరు దించి, పాల లెక్క పక్కనే, ఏ రోజుల్లో రాత్రి ఆఖరి బంతి దాకా చూస్తారో ఇంట్లో అందరూ కలిసి గుర్తులు పెట్టండి. లీగ్ దశలో సన్‌రైజర్స్ ఆడేవి 14 మ్యాచ్‌లు, పైన ఫైనల్. మర్నాడు పరీక్ష ఉన్నవి కొట్టేయండి, మిగిలినవి ఉంచండి. కొట్టేసిన వాటి దగ్గర బేరాలు మొదలవుతాయి. అబ్బాయి చెన్నై మ్యాచ్ కోసం రెండు చిన్న మ్యాచ్‌లు వదులుకుంటానంటాడు, అమ్మ తన సీరియల్ వేళకి టీవీ ఎవరూ అడగకూడదంటుంది, నాన్న మధ్యలో వార్తలు అంటాడు. గొంతులు లేస్తాయి. లేవనివ్వండి, కంగారుపడి మధ్యలో వెళ్లి తలా ఒక ఫోన్ ఇచ్చెయ్యకండి.